టర్కీ వేటగాళ్ల చేతిలో ఉన్న విల్లు ఎవరిది?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పరీక్షల హడావిడిలో ఉన్నవాళ్లు దాచుకుని తర్వాత చదవండి. చదివాక మాత్రం ఇంటికి ఫోన్ చేసి తాతతోనో, పెదనాన్నతోనో ఒకసారి మాట్లాడండి. ఎందుకో చివర్లో చెప్తాం.

అమెరికాలో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే అడవి టర్కీ కోళ్ల వేట కాలం. లైసెన్స్ తీసుకుని లక్షల మంది అడవికి వెళ్తారు. ఎక్కువమంది తుపాకీతోనే వెళ్తారు. కొంతమంది మాత్రం పట్టుబట్టి సాంప్రదాయ విల్లుతో వెళ్తారు. ఆ విల్లుకి చక్రాలు ఉండవు, గురి చూసే పరికరం ఉండదు. చెక్క బద్ద, నారి, ఈకలు కట్టిన బాణం, అంతే.

ఈ వేట ఒక్కడి వల్ల అయ్యేది కాదు. టర్కీ కోడికి వాసన పెద్దగా తెలీదు గానీ కన్ను మాత్రం మహా చురుకు. తల కొంచెం తిప్పితే చాలు, చుట్టూ ఉన్నదంతా కనపడుతుంది. విల్లు లాగేటప్పుడు చెయ్యి కదిలితే చాలు, పారిపోతుంది. పైగా సాంప్రదాయ విల్లుతో కొట్టాలంటే పదిహేను ఇరవై గజాల లోపలికి రావాలి. అందుకని స్నేహితులిద్దరు కలిసి వెళ్తారు. ఒకడు ముందు మాటు వేసి కూర్చుంటాడు. ఇంకొకడు కొన్ని అడుగుల వెనక కూర్చుని పెట్టకోడి కూత పెడతాడు. పుంజు ఆ కూత వెతుక్కుంటూ వస్తుంది. చూపంతా కూత వచ్చిన వైపే ఉంటుంది కాబట్టి ముందున్న వాడిని గమనించదు. తోక విసనకర్రలా విప్పి అటు తిరిగినప్పుడో, తల చెట్టు చాటుకి వెళ్లినప్పుడో ముందువాడు విల్లు లాగాలి. బాణం తగలాల్సిన చోటు పిడికిలంత. బాణం ఒకడిదే, వేట మాత్రం ఇద్దరిదీ.

ఇది చదువుతుంటే మనలో చాలామందికి నవ్వు వచ్చుంటుంది. మాటు వేయడం, కూత పెట్టడం, అలికిడి లేకుండా కూర్చోవడం, ఒకడు తోలితే ఇంకొకడు కాయడం మన తాతలకి కొత్త కాదు కదా. కానీ ఒక ప్రశ్న ఉంది. తుపాకీ చేతికొచ్చి కొన్ని వందల ఏళ్లయిన తెల్లవాళ్లు మళ్లీ విల్లు ఎందుకు పట్టారు? ఎవరు పట్టించారు? ఆ కథలో ఒక ఆదివాసీ ఉన్నాడు. అతని స్నేహితుడు ఒక డాక్టరు. ఇవాళ ఆ ఇద్దరి గురించే చెప్పుకుందాం.

ముందు కోడి సంగతి

టర్కీ పేరు చూసి అది టర్కీ దేశపు పక్షి అనుకోవద్దు. పుట్టిల్లు ఉత్తర అమెరికా ఖండమే. యూరప్ వాళ్లు ఓడ దిగకముందే అక్కడి ఆదివాసులకి అది తిండి, బట్ట, బాణానికి ఈక. ఇప్పటి ప్యూబ్లో జాతుల పూర్వీకులు ఆ కోళ్లని పెంచారు, ఎక్కువగా ఈకల కోసం. ఈకల్ని చీల్చి నారతాడుకి చుట్టి దుప్పట్లు నేసేవాళ్లు. సుమారు 800 ఏళ్ల నాటి అలాంటి దుప్పటి ఒకటి దొరికితే పరిశోధకులు లెక్కగట్టారు. మీటరు వెడల్పు, మీటరు పొడవున్న ఆ దుప్పటికి సుమారు 11,500 ఈకలు పట్టాయట. ఆ ఈకలు కోడిని చంపి పీకినవి కావు. కోడి ఈకలు రాల్చే కాలంలో నెమ్మదిగా తీసినవేనని వాళ్ల అంచనా. ఒకే కోడి ఏటా ఈకలిచ్చేది.

తూర్పు, ఆగ్నేయ అడవుల్లో చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా లాంటి జాతులు టర్కీని వేటాడేవి. రెక్క ఎముకని ఊదుడు గొట్టంగా చేసి కోడి కూత పెట్టే విద్య అక్కడి ఆదివాసులదే. ఇప్పటి వేటగాళ్లు దుకాణంలో కొనే ‘రెక్క ఎముక పిలుపు’ దాని నకలే.

తర్వాత 1830లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆగ్నేయ జాతులన్నీ సొంత నేల వదిలి మిసిసిపీ నదికి పడమట పోవాలన్నది దాని సారం. 1838-39లో చెరోకీలని సైన్యం తోలుకుపోయింది. సుమారు 16,000 మంది నడిస్తే దాదాపు 4,000 మంది చనిపోయారని చెప్తారు. చరిత్రలో దాని పేరు ‘కన్నీటి దారి’. మనుషులు పోయిన చోట అడవులు నరికారు, పొలాలు వేశారు. అంగడిలో అమ్మడానికి కోళ్లని ఇష్టమొచ్చినట్టు చంపారు. 1930ల నాటికి చాలా రాష్ట్రాల్లో అడవి టర్కీ కనపడకుండా పోయింది.

అప్పుడు వాళ్లకి తెలివొచ్చింది. 1937లో తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బుతో అడవి జంతువుల్ని నిలబెట్టే చట్టం తెచ్చారు. మిగిలిన టర్కీల్ని వలల్లో పట్టి, లారీల్లో ఎక్కించి, ఖాళీ అయిన అడవుల్లో వదిలారు. ఇప్పుడు అలాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మొత్తం అరవై లక్షల దాకా ఉంటాయని లెక్క. మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ అడవులకి కోళ్లని తిరిగి తెచ్చారు. అక్కడి నుంచి తోలేసిన మనుషుల్ని తీసుకురావడానికి ఏ లారీ పోలేదు.

ఇషి వాళ్ల జనం

ఇక విల్లు సంగతి. దీనికి దేశం అవతలి చివర ఉన్న కాలిఫోర్నియాకి పోవాలి. అప్పట్లో అక్కడ అడవి టర్కీ లేదు. తర్వాత తెచ్చి వదిలినవే. అక్కడి వేట జింక, కుందేలు, చేప.

ఉత్తర కాలిఫోర్నియాలో లాసెన్ కొండ పాదాల దగ్గర మిల్ క్రీక్, డీర్ క్రీక్ అనే రెండు వాగులున్నాయి. ఆ లోయల్లో యాహి అనే చిన్న జనం ఉండేది. యానా అనే జాతిలో వాళ్లు దక్షిణపు తెగ. కొన్ని వందల మంది మాత్రమే. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. మరుసటి ఏడాది నుంచి లక్షల మంది వచ్చిపడ్డారు. వాగుల్లో చేప పోయింది, కొండల్లోకి పశువులు వచ్చాయి. ఆకలికి పశువుని కొడితే ఊరిని కాల్చేవాళ్లు. 1860లలో వరుసగా మారణకాండలు జరిగాయి. చేసింది సైన్యం కూడా కాదు, చాలాసార్లు చుట్టుపక్కల స్థిరపడినవాళ్లే జట్టు కట్టి వేటాడారు. మిగిలిన కొద్దిమంది లోయల్లో దాక్కున్నారు. దాదాపు నలభై ఏళ్లు పొగ కనపడకుండా వంట చేసుకుని, అడుగుజాడ పడకుండా రాళ్ల మీద నడిచి బతికారు. అలాంటి చోట తుపాకీ పేలితే చావే. చప్పుడు లేని విల్లు వాళ్లకి తిండీ పెట్టింది, ప్రాణమూ కాపాడింది.

1908లో కరెంటు కంపెనీ సర్వేవాళ్లు ఆ లోయలోకి వచ్చి వాళ్ల గుడిసెల మీద పడ్డారు. అప్పటికి మిగిలింది నలుగురు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక ముసలాయన, కాళ్లు కదపలేని ముసలమ్మ. ముగ్గురు పారిపోయారు. ముసలమ్మ దుప్పట్ల కింద ఉండిపోయింది. సర్వేవాళ్లు ఆమెని ఏమీ చేయలేదు గానీ విల్లు, బాణాలు, చర్మాలు, బుట్టలు పట్టుకుపోయారు, గుర్తుగా ఉంటాయని. చలికాలానికి దాచుకున్న బతుకంతా అలా పోయింది. ముసలమ్మ కొన్నాళ్లకే చనిపోయింది. తర్వాత మిగిలింది ఆ మగమనిషి ఒక్కడే.

1911 ఆగస్టు 29న అతను ఓరోవిల్ ఊరి దగ్గర ఒక పశువుల కబేళా పక్కన కనపడ్డాడు. ఆకలితో ఉన్నాడు. తనవాళ్లు చనిపోయిన దుఃఖానికి గుర్తుగా జుట్టు కాల్చుకుని ఉన్నాడు. ఊరి అధికారి ఏం చేయాలో తెలీక జైలు గదిలో ఉంచాడు. పత్రికలు ‘చివరి అడవి మనిషి’ అని రాశాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వాటర్‌మన్ అనే పరిశోధకుడు యానా మాటల పట్టీ పట్టుకుని వచ్చాడు. ఒక్కో మాటా చదువుతూ పోతే అతనికి ఏదీ అర్థం కాలేదు. చివరికి మంచం చెక్కని తట్టి ‘సివిని’ అన్నాడు, అంటే పసుపు పైన్ చెట్టు. అతని ముఖం వెలిగిపోయింది. తన భాష మాట విని ఎంత కాలమైందో ఆలోచించండి. మన భాషలో ఒక మాట వినపడినందుకే ప్రాణం లేచొచ్చే రోజు ఎవరికీ రాకూడదు.

పేరు అడిగితే చెప్పలేదు. వాళ్ల ఆచారంలో తన పేరు తాను చెప్పుకోకూడదు, ఇంకొకరు చెప్పాలి. చెప్పడానికి ఎవరున్నారు? పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అతనికి ‘ఇషి’ అని పేరు పెట్టాడు. యానా భాషలో ‘మనిషి’ అని. అసలు పేరు అతనితోనే పోయింది.

డాక్టరు, వేటగాడు

ఇషిని శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం మ్యూజియంకి తీసుకెళ్లారు. అక్కడే ఉండేవాడు. నెలకి 25 డాలర్ల జీతంతో ఊడ్చే పని, చిన్నచిన్న పనులు. ఆదివారాల్లో జనం ముందు బాణం ములికి చెక్కి చూపించాలి, నిప్పు రాజేసి చూపించాలి. ఉద్యోగి అనాలో, ప్రదర్శన వస్తువు అనాలో మీరే చెప్పండి.

మ్యూజియం పక్కనే వైద్య కళాశాల ఆసుపత్రి. అందులో సర్జన్ సాక్స్‌టన్ పోప్. ఇషి దగ్గుతో అక్కడికి వచ్చేవాడు, అలా పరిచయం. 1912 నుంచి పోప్ అతని దగ్గర విలువిద్య నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇషి పోప్‌ని ‘కువి’ అనేవాడు, వైద్యుడు అని అర్థం. ఇద్దరూ కలిసి విల్లు చేశారు, గురి చూశారు, అడవికి పోయారు. ఇషి చెప్పిందంతా పోప్ కాగితం మీద పెట్టాడు. ఇవాళ ఆ విద్య మనకి తెలుస్తోందంటే ఆ రాతల వల్లే.

ఇషి విల్లుని ‘మన్నీ’ అనేవాడు. జునిపర్ చెట్టు బద్ద, వెనక వైపు జంతువు నరాలు జిగురుతో అతికించినది. పోప్ కొలిస్తే 42 అంగుళాలు. ఇషికి అంగుళం అక్కర్లేదు. చెయ్యి పక్కకి చాస్తే ఆ చేతి నుంచి అవతలి తుంటి దాకా ఎంతో అంత. మన పెద్దవాళ్ల జాన, బెత్తె, మూర లాగే ఎవరి ఒంటికి తగ్గ విల్లు వాళ్లది. ములికి నల్లగాజు రాయితో చేసేవాడు. సీసా పెంకుతో కూడా చేసేవాడు. విల్లుని చేతిలో నిలువుగా కాకుండా దాదాపు అడ్డంగా పట్టేవాడు, నారిని బొటనవేలితో లాగేవాడు. పొదల్లో గొంతుకూర్చుని కొట్టడానికి అదే వీలు.

విల్లుకి మర్యాద ఉండేది. పని లేనప్పుడు పడుకోబెట్టాలి. నిలబెడితే అది పనిచేస్తూనే ఉన్నట్టు, అలిసిపోతుందని చెప్పేవాడు. వేటకి ముందు రోజు చేప తినడు, పొగ తాగడు. తెల్లారే వాగులో స్నానం చేసి, వాసన పోవడానికి ఆకులు రుద్దుకునేవాడు. వేళ్లు పెదాలకి ఆనించి దెబ్బ తగిలిన కుందేలు పిల్లలా కూత పెట్టేవాడు. పన్నెండు చోట్ల కూత పెడితే అయిదు కుందేళ్లు, ఒక అడవిపిల్లి వచ్చాయని పోప్ లెక్క రాశాడు. గడ్డిబొమ్మకి కట్టిన గుండ్రటి గుర్తుని దూరం నుంచి కొట్టే పోటీలో పోప్ స్నేహితులే ముందుండేవాళ్లు. దగ్గరికి పోయి, పిట్టంత గుర్తుని కొట్టాలంటే మాత్రం ఇషి చెయ్యే చెయ్యి. వేటంటే దూరం కొట్టడం కాదు, దగ్గరికి పోగలగడం అని అతను చేసి చూపించాడు.

1914 మే నెలలో క్రోబర్, వాటర్‌మన్, పోప్, పోప్ కొడుకు కలిసి ఇషిని డీర్ క్రీక్‌కి తీసుకెళ్లారు. అతనికి మొదట ఇష్టం లేదు. అది చనిపోయిన తనవాళ్లు తిరిగే చోటు. వెళ్లాక ప్రతి మలుపుకీ పేరు చెప్పాడు, ప్రతి మొక్కకీ పేరు చెప్పాడు. గుడిసెలు ఎక్కడుండేవో, ఎవరు ఎక్కడ చనిపోయారో చూపించాడు. ఆ పటాలు ఇప్పటికీ ఉన్నాయి.

స్నేహం ఎక్కడ ఆగింది

పట్నం ఇషికి క్షయ తెచ్చిపెట్టింది. పోప్ దగ్గరుండి చూసుకున్నాడు. 1916 మార్చి 25న ఇషి చనిపోయాడు. శవాన్ని కోయడం ఇషికి గిట్టదు. అది అతని స్నేహితులందరికీ తెలుసు. అప్పుడు న్యూయార్క్‌లో ఉన్న క్రోబర్ శవపరీక్ష వద్దు, విజ్ఞానశాస్త్రం ఏమైపోయినా పర్లేదు అని ఉత్తరం రాశాడు. ఉత్తరం అందేసరికి పని అయిపోయింది. ఏళ్ల తరబడి పక్కన నడిచిన డాక్టరు స్నేహితుడు దాన్ని ఆపలేదు. శరీరాన్ని దహనం చేస్తూ పక్కన ఒక విల్లు, అయిదు బాణాలు, బుట్టెడు పిండి, పూసలు పెట్టారు. కానీ మెదడు తీసి పక్కన పెట్టారు. ఉత్తరం రాసిన క్రోబరే తర్వాత 1917లో దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకి పంపాడు.

పోప్ చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఇషి పోయినందుకు అతను నిజంగా బాధపడ్డాడని అతని రాతలే చెప్తాయి. మనం గమనించాల్సింది వేరే. విల్లు చేయడం దగ్గర, వేట దగ్గర ఇద్దరూ సమానం. అక్కడ ఇషి గురువు కూడా. ఆసుపత్రి గది దగ్గరికి వచ్చేసరికి ఒకడు డాక్టరు, ఇంకొకడు నమూనా. మనిషి మీద ప్రేమ ఉంటే సరిపోలేదు. ఆ మనిషి మాటకి విలువిచ్చే హక్కు చట్టంలో లేదు, సంస్థలో లేదు, అడగడానికి అతని జనం ఎదురుగా లేరు.

విద్య ఎటు పోయింది

1923లో పోప్ విల్లు, బాణంతో వేట మీద పుస్తకం అచ్చు వేశాడు. మొదటి మూడు అధ్యాయాలు ఇషివే. కానీ పుస్తకం అంకితం ఇచ్చింది ఇంగ్లాండు కథల్లోని రాబిన్ హుడ్‌కి. తను వాడిన విల్లు కూడా ఇంగ్లాండు పద్ధతి పొడవు విల్లే. ఆర్థర్ యంగ్ అనే స్నేహితుడితో కలిసి ఎలుగుబంట్లని, ఆఫ్రికా వెళ్లి సింహాల్ని వేటాడాడు. 1926లో చనిపోయాడు. ఆ పుస్తకం, యంగ్ తీయించిన సినిమా చూసి అమెరికాలో ఎంతోమంది విల్లు పట్టారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లుతో జింకల వేటకి చట్టబద్ధంగా కాలం కేటాయించింది. తర్వాత మిగతా రాష్ట్రాలు, మిగతా జంతువులు, టర్కీ కూడా. 1961లో విల్లు వేటగాళ్లు పెట్టుకున్న పెద్ద సంఘం పేరు ‘పోప్ అండ్ యంగ్ క్లబ్’. అందులో ఇషి పేరు లేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ ఇద్దరు స్నేహితుల్ని మళ్లీ చూడండి. కూత పెట్టడం, మాటు, దగ్గరికి రానివ్వడం, బాణం వెనక టర్కీ ఈక. అక్కడి ఆదివాసులు చేసినవే ఇవన్నీ. ఇవాళ అది గౌరవమైన ఆట, పెద్ద వ్యాపారం. 1972లో విల్లు, బాణాల అమ్మకం మీద కూడా పన్ను వేసి ఆ డబ్బుని అడవులకి ఇచ్చేలా వాళ్ల చట్టాన్ని మార్చారు.

అదే 1972లో మన దేశంలో ఏం జరిగింది? వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అక్కడ విల్లు పట్టినవాడు అడవికి డబ్బిచ్చే పెద్దమనిషి. ఇక్కడ విల్లు పట్టినవాడు అనుమానితుడు.

‘చివరివాడు’ అనే మాట

కథలో ఇంకో ముక్క ఉంది. ఇషి ‘తన జాతిలో చివరివాడు’ అని అందరూ రాశారు. ఆ మాట ఎనభై ఏళ్లు నడిచింది. అయితే 1990లలో కాలిఫోర్నియా ఆదివాసులు ఇషి మెదడు ఎక్కడుందో చెప్పమని అడగడం మొదలుపెట్టారు. అది ఇంకా స్మిత్‌సోనియన్ గోదాములోనే ఉందని 1999లో తేలింది. ఎవరికి ఇవ్వాలి, వారసులు లేరు కదా అనే ప్రశ్న వచ్చింది. ఉన్నారు. రెడ్డింగ్ రాంచేరియా, పిట్ రివర్ జాతుల్లో యానా రక్తం ఉన్నవాళ్లు ఉన్నారు. 2000 సంవత్సరంలో వాళ్లకే అప్పగించారు. చితాభస్మంతో కలిపి ఇషి సొంత నేలలో, బయటివాళ్లకి చెప్పని చోట పాతిపెట్టారు. 2021లో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయ భవనానికి ఉన్న క్రోబర్ పేరు కూడా తీసేశారు.

ఇషి చెక్కిన ములుకులు కూడా ఒక సంగతి చెప్పాయి. వాటి ఆకారం పాత యాహి ములుకుల్లా లేదని, పొరుగు జాతుల పనిలా ఉందని 1990లలో ఒక పురావస్తు పరిశోధకుడు గమనించాడు. అంటే మారణకాండల మధ్య మిగిలినవాళ్లు వేరువేరు జాతుల వాళ్లయినా కలిసి బతికారేమో, అతను వాళ్ల దగ్గర నేర్చుకున్నాడేమో. అతను నోటితో చెప్పని చరిత్ర అతని చేతి పనిలో ఉండిపోయింది.

హక్కు సంగతీ అంతే. మినసోటాలో ఓజిబ్వే జాతి 1837లో భూమి ఇచ్చేస్తూ వేట, చేపల హక్కు మాత్రం ఉంచుకుంది. ప్రభుత్వం ఆ హక్కు ఎప్పుడో పోయిందంది. వాళ్లు పాత ఒప్పందం కాగితం పట్టుకుని కోర్టుకి పోయారు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. నూట అరవై ఏళ్ల నాటి మాట నిలబడింది, ఎందుకంటే ఆ మాటని వాళ్లు దాచుకున్నారు.

మన సంగతి

విల్లు అంటే మనకి ఏంటో ప్రత్యేకంగా చెప్పాలా? 1922-24లో మన్యంలో అల్లూరితో నడిచిన మనవాళ్ల చేతిలో విల్లే ఉంది. నల్లమలలో చెంచు తాత భుజానికి విల్లు లేకుండా పాత ఫోటో ఉండదు. చైత్రంలో విశాఖ మన్యంలో ఇటుకల పండగ, కోయల దగ్గర విత్తనాల పండగ వస్తే మగవాళ్లు వేటకి పోవడం ఆచారం. చాలా ఊళ్లలో ఇప్పుడది పేరుకే మిగిలింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వేటకి పొమ్మని మేం చెప్పట్లేదు. చట్టం ఒప్పుకోదు, కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ పోతాయి. అడవిలో జంతువులు కూడా తాతల నాటి లెక్కలో లేవు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సాంప్రదాయ హక్కుల్ని ఒప్పుకుంటూనే వేటని తీసి పక్కన పెట్టింది, 3(1)(ఎల్)లో. కానీ అదే సెక్షన్‌లో కొంచెం పైన 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సాంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని ఉంది. అంటే వేట మనది కాదన్న చట్టమే, ఆ విద్య మాత్రం మనదే అంటోంది. వెదురు కూడా ఆ చట్టం కింద చిన్నతరహా అటవీ ఉత్పత్తే. విల్లు చేయడం, గురి చూడడం, పిట్టల కూత నేర్చుకోవడం నేరం కాదు.

విల్లుకి ఇప్పుడు వేరే దారీ ఉంది. రాజస్థాన్‌లో అహరి తెగ కుర్రాడు లింబా రామ్ వెదురు విల్లుతో పిట్టల్ని కొడుతూ పెరిగాడు. 1987లో క్రీడా సంస్థ ఎంపికలకి వెళ్లాడు. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ వచ్చాయి. ఆ చెయ్యి శిక్షణ శిబిరంలో పుట్టింది కాదు, అడవిలో పుట్టింది.

అందుకే మొదట్లో ఫోన్ చేయమన్నది. ఇషి దగ్గర నేర్చుకోవడానికి తన జాతి పిల్లలు లేరు, అందుకే ఒక డాక్టరు నేర్చుకున్నాడు. మన తాతలకి మనం ఉన్నాం. ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఇవి అడగండి:

- విల్లుకి ఏ కర్ర, ఏ వెదురు? ఏ నెలలో నరకాలి, ఎన్నాళ్లు ఆరాలి?
- నారి దేనితో? ములికి ఎన్ని రకాలు, ఏ జంతువుకి ఏది?
- బాణానికి ఏ పిట్ట ఈక, ఎన్ని, ఎలా కట్టాలి?
- కొలత ఒంటితో ఎలా తీస్తారు?
- వేటకి ముందు ఏం తినకూడదు, ఏం మాట్లాడకూడదు? మాంసం ఎవరికి ఎంత వాటా?
- ఏ జంతువుని, ఏ కాలంలో కొట్టకూడదు?
- వీటన్నిటికీ కోయలో, గోండిలో, కువిలో, సవరలో, కొలామీలో పేరేంటి?

చివరి రెండు ప్రశ్నలు వదలొద్దు. ఆదివాసులే అడవిని ఖాళీ చేశారనేవాళ్లకి సమాధానం ఆ నియమాల్లో ఉంది. పేర్లు పోతే, మంచం చెక్క తట్టి చెప్పినా అర్థం చేసుకునేవాడు ఉండడు.

ఫోన్‌లో వీడియో తీయండి, తాత మాట్లాడే భాషలోనే. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఊళ్లో ఉంచండి. బయటి పరిశోధకులు వచ్చి అడిగితే తరిమేయక్కర్లేదు. పోప్ రాయకపోతే మనకి ఇషి విల్లు పొడవు కూడా తెలిసేది కాదు. కానీ గ్రామసభ ముందు కూర్చోబెట్టి మూడు మాటలు రాయించుకోండి. చెప్పినవాళ్ల పేరు ఉండాలి, కాపీ ఊరికి ఇవ్వాలి, అడగకుండా వేరే పనికి వాడకూడదు.

అరకులో, శ్రీశైలంలో, జోడేఘాట్‌లో గిరిజన మ్యూజియాలున్నాయి. వెళ్లి చూడండి, మంచిదే. అద్దం వెనక ఉన్న విల్లుని చూసి, ‘ఇది మా తాత ఇలా చేస్తాడు’ అని పక్కవాడికి చెప్పగలిగితే ఆ విల్లు మనదే. చెప్పలేకపోతే అది మ్యూజియానిది.

మీ ఊళ్లో విల్లు చేసే పెద్దాయన ఇంకా ఉంటే కింద రాయండి. ఊరి పేరు, భాష రాస్తే చాలు, ఆయన ఫోన్ నంబరు పెట్టకండి. ఒక పట్టీ తయారు చేద్దాం.

జోహార్.